మూత తీయని మూల

ఆ ఆఫీసు భవనంలో చలిపులి అంటే కింద మిషను గదిలో ఉండే ఆపరేటరు. పై అంతస్తులన్నింటికీ చల్లగాలి పంపేది ఆయనే కాబట్టి ఆ పేరు పెట్టారు. పేరులో పులి ఉంది కదా అని మోసపోవద్దు. ఆయన పిరికితనం చూసి కుందేళ్ళు కూడా గుండెలు విరుచుకుని తిరిగేవి. పెళ్ళయిన కొత్తలో భార్య తుమ్మితే, ఏదో పేలిందనుకుని లేచి వెళ్ళి ఇంటి మెయిన్ స్విచ్ ఆపొచ్చాడు. లిఫ్టు ఎక్కితే అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి, తలుపు తెరుచుకోగానే అంతా కలిపి ఒక్కసారి వదిలేవాడు. ఆ గాలికి ఎదురుగా ఉన్న రిసెప్షన్ అమ్మాయి బల్ల మీది కాగితాలు లేచి వీధిలో పడేవి. ఇదంతా తగ్గించి చెప్పిన సంగతి.

కానీ ఆ భయమే ఆయనకి అన్నం పెట్టింది. పంపు కాస్త గొంతు మార్చినా, పైపు మీద చెమట కొంచెం ఎక్కువ పట్టినా ఆయనకి కాలు నిలిచేది కాదు. పరిగెత్తుకెళ్ళి చూసేవాడు. ధైర్యవంతులు కాళ్ళు చాపుకుని టీ తాగే వేళ ఆయన టార్చిలైటు పట్టుకుని, ఏసీకి నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మిషను చుట్టూ ప్రదక్షిణలు చేసేవాడు. అందుకే ఆ భవనంలో ఏసీ ఆగిందన్న మాట ఎవరూ వినలేదు.

ఇలా నడుస్తుండగా కర్బనం మేడమ్ వచ్చింది. ఆమె అసలు హోదా ఏదో పొడుగ్గా ఉండేది. నోరు విప్పితే కర్బన ఉద్గారాలు తగ్గించాలనేది కాబట్టి వెనకాల అందరూ అలా పిలిచేవారు. ఆమె చేసిన పనుల్లో వంక పెట్టడానికేమీ లేదు. పైన జనం స్వెట్టర్లు తొడుక్కుని వణికేంత చలి అక్కర్లేదంది. మనుషులు లేని గదుల్లో లైట్లు వాటంతటవే ఆరిపోయేలా పెట్టించింది. దుమ్ము పట్టిన ఏసీ కాయిల్స్ కడిగించింది. చివరికి కింద పార్కింగులో పొద్దస్తమానం విమానం లేస్తున్నట్టు మోగే పెద్ద ఫ్యాన్ల దగ్గరికొచ్చింది.

"ఇవి ఊరికే తిరుగుతుంటే ఇక్కడ కరెంటు, ఎక్కడో బొగ్గు, రెండూ దండగ," అంది చలిపులితో. "కార్ల పొగ పోగైనప్పుడే తిరగాలి. పొగ పోగానే నెమ్మదించాలి. ఎప్పుడు తిరగాలో ఈ డబ్బాలు చెబుతాయి. మీరు చేయాల్సిందల్లా వాటిని చెప్పనివ్వడమే."

డబ్బాలంటే సెన్సర్లు. అరచేతంత తెల్లటివి. పార్కింగు స్తంభాలకి బిగించారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి ఫ్యాన్‌ని లేపడం వాటి పని. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవని, ముందు తలనొప్పి, తర్వాత వాంతులు, ఆ తర్వాత లేవలేని నిద్ర వస్తాయని క్లాసు కూడా పీకారు. క్లాసులో అందరికంటే శ్రద్ధగా విన్నది చలిపులే. ఇంటికెళ్ళి గ్యాసు పొయ్యి దగ్గర కిటికీ మూసుకోకుండా తాడు కట్టేశాడు.

మేడమ్ ఇంకో పని కూడా చేసింది. గుమ్మం దగ్గర పెద్ద తెర పెట్టించింది. భవనం కరెంటు పొదుపుగా వాడితే ఆ తెర మీద పచ్చటి ఆకు కనిపిస్తుంది. వాడకం గీత దాటితే ఆకు ఎర్రబడుతుంది. ఆకు ఎర్రబడితే భవనమంతా చలిపులి ముఖం వైపే చూసేది.

"ఏంటి పులిగారూ, చెట్టుకి నీళ్ళు పోయలేదా?" అనేవాడు క్యాంటీన్ ఆయన.

"పులి గడ్డి మేసినట్టుంది, అందుకే ఆకులు మిగల్లేదు," అనేవాడు వాచ్‌మన్.

ఆకుని ఎర్రబరిచేది ఒకే ఒక్క మూల. అట్టడుగు పార్కింగులో, వాలు దారి దిగే చోట, సరుకుల వ్యాన్లు ఇంజన్ ఆపకుండా నిలబడి క్యాంటీన్ సామాను దించేవి. అక్కడి డబ్బా ఊరుకునేది కాదు. ఫ్యాన్‌ని లేపుతూనే ఉండేది. చలిపులికి అది డబ్బాలా కాక, తన మీద చాడీలు చెప్పడానికే పుట్టిన తోడికోడల్లా కనిపించేది. అది కాస్త అతిగా స్పందిస్తోందని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే పార్కింగు గోడలకి రంగులు వేశారు. గోడలు గీకిన దుమ్ము పడితే సెన్సర్లు పాడవుతాయి కాబట్టి, పని మొదలయ్యే ముందు వాటికి ప్లాస్టిక్ మూతలు తొడగడం అక్కడి పద్ధతి. తొడిగేదీ ఆపరేటరే, తీసేదీ ఆపరేటరే. రంగు ఆరాక చలిపులి నిచ్చెన భుజాన వేసుకుని వరసగా మూతలు పీక్కుంటూ వచ్చాడు. మూల స్తంభం దగ్గర నిచ్చెన వేశాడు. సగం ఎక్కాడు. అక్కడ ఆగిపోయాడు. మూత వల్ల డబ్బాకి పొగ తగలక ఫ్యాన్ ఆగి ఉంది. ఎంత హాయిగా ఉందో! ఆకు పచ్చగా ఉండుంటుంది. 'రేపు తీద్దాంలే' అనుకుని దిగిపోయాడు.

మర్నాడూ రేపే అయింది. ఆకు మాత్రం పచ్చగా నిగనిగలాడింది. మేడమ్ అందరి ముందూ ఆయన భుజం తట్టి, "ఈయన్ని చూసి నేర్చుకోండి," అంది. పుట్టి బుద్ధెరిగాక చలిపులిని ఎవరూ అలా మెచ్చుకోలేదు. ఆ మెప్పు గొంతులో ఇరుక్కుంది. మింగలేడు, కక్కలేడు. ఇప్పుడు మూత తీస్తే ఆకు ఎందుకు ఎర్రబడిందో చెప్పాలి. రాత్రిళ్ళు నిద్రలో ఉలిక్కిపడి లేవడం మొదలుపెట్టాడు. భార్య అడిగితే దోమ అనేవాడు.

ఇటు పార్కింగులో కొత్త సంగతి పుట్టింది. మోత ఆగిన మూల డ్రైవర్లకి నచ్చేసింది. సార్లు పైన మీటింగుల్లో ఉండగా వీళ్ళు అక్కడ కార్లు పెట్టుకుని, అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని కునుకు తీసేవారు. లేచాక ఒక్కొక్కడూ ఒక్కో కథ చెప్పేవాడు. ఆ మూలలో దెయ్యం ఉంది. గుండెల మీద కూర్చుంటుంది. దాని బరువుకి ఒకడి కారు టైర్లలో గాలి దిగిపోయింది. ఇంకొకడి తల మీద పిడికిళ్ళతో బాజా వాయించి, పాట ఎలా ఉందని కూడా అడిగింది.

చలిపులి బామ్మర్ది కూడా అదే భవనంలో ఒక ఆఫీసరు గారి కారు నడిపేవాడు. అక్క మొగుణ్ణి ఏడిపించకపోతే వాడికి తిన్నది అరగదు. ఒకరోజు పొద్దున టీ వేళకి కణతలు నొక్కుకుంటూ మిషను గదికి వచ్చాడు.

"బావా, మీ మూల దెయ్యం నన్నూ పట్టుకుంది. గుండెల మీద కూర్చుంది."

"కూర్చుని?"

"లైసెన్సు చూపించమంది."

"ఛీ, నీ వేళాకోళం!"

"వేళాకోళం కాదు బావా, లేచాక తల పగిలిపోయిందనుకో. వాంతి కూడా అయింది. నాకే కాదు, ఆ తెల్ల కారు వాడికీ అంతే."

"మరి అక్కడెందుకు చస్తావురా?"

"ఇంకెక్కడ పడుకోను? బయట ఎండ. మిగతా చోట్ల నీ ఫ్యాన్లు చెవులు పీకేస్తున్నాయి. ఆ మూల స్వర్గం బావా, దెయ్యం ఒక్కటే అదనం. అయినా పులి కాపలా ఉన్న చోట దెయ్యానికి అంత ధైర్యమేంటి?"

చలిపులి నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. దెయ్యమంటే ఆయనకి భయమే, కాదనలేం. కానీ తలనొప్పి, వాంతి, నిద్ర అన్న వరస ఆయన ఎక్కడో విన్నాడు. ఎక్కడ విన్నాడో గుర్తు రాకూడదని మనసులోనే మొక్కుకున్నాడు. గుర్తొచ్చింది. దెయ్యానికి తలుపు తీసింది తనే.

ఇవాళ ఎలాగైనా మూత తీసేయాలనుకుంటుండగానే పైనుంచి మేడమ్ పిలిచింది. ఆమె ముందు కంప్యూటరు మీద అన్ని సెన్సర్ల గీతలూ కొండల్లా లేచి పడుతున్నాయి. ఒక్క గీత మాత్రం చాప పరిచినట్టు నేల మీద పడుంది.

"ఈ మూల సున్నా చూపిస్తోంది. అక్కడ కార్లు పెట్టట్లేదా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. భయం దాని కాలు పట్టి వెనక్కి లాగింది.

"పెట్టట్లేదు మేడమ్."

"అలాగా? అయితే ఆ ఫ్యాన్‌కి సప్లయే తీసేద్దాం. ఇంకా పొదుపు. మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తాను."

చలిపులి మెట్లు దిగుతున్నాడో, మెట్లే ఆయన్ని దించుతున్నాయో తెలియలేదు. వెంటనే నిచ్చెన తీశాడు. కానీ నిచ్చెనతో ఎవరైనా చూస్తే? అందరూ భోజనాలకి వెళ్ళాక తీద్దామని గది గుమ్మంలో నిలబడ్డాడు. ఈలోగా బామ్మర్దికి ఒక మాట చెబితే చాలు, అక్కడ పడుకోవద్దురా అని. ఫోను చేశాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. వాడెప్పుడూ ఇంతే, అక్క ఫోను కూడా ఎత్తడు అనుకున్నాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగి ఆగింది. ఇక ఎవరు చూస్తారన్న ధ్యాస పోయింది. నిచ్చెన భుజం మీదే ఉంది, మూడోసారి కలిపిన ఫోను చెవి దగ్గరే ఉంది. అట్టడుగుకి పరిగెత్తాడు.

అక్కడ ఫోను రెండు చోట్ల మోగుతోంది. ఒకటి ఆయన చెవిలో. రెండోది మూలలో, ఇంజన్ ఆపకుండా నిలబడ్డ కారులో. వాలు దారిలో సరుకుల వ్యాను కూడా ఇంజన్ ఆపకుండానే గుర్రుమంటోంది.

బామ్మర్ది సీటు వెనక్కి వాల్చుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా, నిక్షేపంగా నిద్రపోతున్నట్టు ఉంది. చలిపులి నిచ్చెన దించాడు. అద్దం మీద బాదాడు. "ఒరేయ్! ఒరేయ్, లేవరా!" అన్నాడు. లేవలేదు. తలుపు రాలేదు. పక్క గోడకున్న ఫ్యాన్ స్విచ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి తిప్పాడు. ఫ్యాన్ విమానంలా లేచింది. నిచ్చెన రెండు చేతులా పట్టుకుని వెనక తలుపు అద్దాన్ని పొడిచాడు. ఎలక పరిగెడితే కుర్చీ ఎక్కే మనిషి ఆ అద్దాన్ని ఒక్క దెబ్బకి పొడి చేశాడు. లోపలికి చేయి పెట్టి తలుపు తీశాడు, ఇంజన్ ఆపాడు, తనకన్నా లావున్న బామ్మర్దిని చంకల కింద పట్టి వాలు దారి మీదుగా ఈడ్చుకుంటూ వెలుతురు వైపు లాక్కెళ్ళాడు. సగం దారిలో వాచ్‌మన్ వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. వ్యాను డ్రైవరు ఇంజన్ ఆపాడు, అదే మొదటిసారి.

ఆసుపత్రికి చేరేసరికి, కబురు అందిన ఆయన భార్య కూడా ఆటో దిగింది. తమ్ముణ్ణి చూసి ఏడవలేదు. వాడి అరిచేయి పట్టుకుని రుద్దుతూ కూర్చుంది. నర్సు వాడి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టింది. అంకె బాగానే ఉందంది. డాక్టరుగారు వాడి కనురెప్పలు ఎత్తి చూశారు.

"పొద్దున ఏమైనా తిన్నాడా?"

"వీడా? అలిగితే తినడండీ. నిన్న నాతో గొడవపడ్డాడు," అంది భార్య.

"ఎండ, ఖాళీ కడుపు. సెలైన్ పెట్టి చూద్దాం."

గోడకి ఆనుకుని నిలబడ్డ చలిపులికి ఒక దారి కనిపించింది. ఎండ, ఖాళీ కడుపు. ఎంత మంచి మాటలు! వాటిలో మూత లేదు, మేడమ్ లేదు, తను లేడు. ఊరుకుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, మెప్పు ఉంటుంది, ఇంట్లో భార్య ముఖం ఎప్పటిలా ఉంటుంది. సెలైన్ సీసా వస్తోంది. బామ్మర్ది పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగు మంచిది కాదని క్లాసులో చెప్పారు.

"ఎండ కాదండీ," అన్నాడు. గోడ వదిలి ముందుకొచ్చాడు. "పొగ. కార్ల పొగ. కార్బన్ మోనాక్సైడ్. అక్కడ సెన్సర్ మూత నేను తీయలేదు. తీయకుండా వదిలేశాను. చాలా రోజుల నుంచి."

డాక్టరుగారి ముఖం మారింది. "ముందే చెప్పరేం! ఆ క్లిప్పు ఈ గాలిని పట్టుకోలేదు. నర్సమ్మా, ఆక్సిజన్! రక్తం తీయండి!"

ఆ తర్వాత మేడమ్‌కి ఫోను చేసి అదే మాట చెప్పాడు. "సున్నా అన్నప్పుడు నేను కిందికి దిగి చూడాల్సింది," అందామె. "ఫ్యాన్లు తిరగనివ్వండి. మిగతాది రేపు." ఆ రేపట్లో ఆయనకి చీవాట్లు పడ్డాయి, ఆపరేటరు పని పోయి చాలాకాలం సహాయకుడిగా ఉన్నాడు. సరుకుల వ్యాన్లని బయటే ఆపి, ఇంజన్లు ఆపించి, సామాను తోపుడు బండ్ల మీద లోపలికి తెప్పించారు. మూతలు తీశాక ఇంకొకరు చూసి వచ్చే పద్ధతి పెట్టారు. పొగే తగ్గింది కాబట్టి ఆ మూల ఫ్యాన్‌కి పని తగ్గింది. కరెంటూ తగ్గింది, ఎవరి ఊపిరీ తగ్గలేదు.

కానీ ఆ మధ్యాహ్నానికి ఇవేవీ తెలియవు. బామ్మర్ది ముఖానికి మాస్కు ఉంది, గుండె కదులుతోంది, కళ్ళు తెరవలేదు. బయట వరండాలో భార్య బల్లకి ఒక చివర, చలిపులి ఇంకో చివర. మధ్యలో ఇంకో నలుగురు కూర్చోవచ్చు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. చిల్లర్ పేలినా ఆయన అంత భయపడి ఉండడు. తిడితే బాగుండు. లేచి వెళ్ళిపోతుందేమో. వాడికేమైనా అయితే ఈ జన్మకి తన వైపు తిరగదేమో.

లోపల నర్సు కేకేసింది. బామ్మర్ది కళ్ళు తెరిచాడట. అక్కని చూసి మాస్కు తీయబోయాడట, వద్దని చేయి పట్టుకున్నారట. ఆమె వెళ్ళి చూసి వచ్చింది. వచ్చి, ఈసారి బల్ల ఆ చివర కూర్చోలేదు. ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"మీరూ ఆ గాలే పీల్చారుగా?" అంది. "వాణ్ణి ఈడ్చుకొస్తూ?"

"కొంచెం..."

"తలనొప్పి ఉందా?"

ఉంది. ఎప్పటినుంచో పగిలిపోతోంది. అది భయమే అనుకున్నాడు, ఆయన తల ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి.

"నర్సమ్మా!" అని అరిచింది ఆమె, వరండా అంతా తిరిగి చూసేలా. "ఇక్కడ ఇంకొకడున్నాడు, ఇతన్నీ చూడండి!"

ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్ళి, బామ్మర్ది పక్క మంచం మీద పడుకోబెట్టి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు కట్టారు. మాస్కు ఉన్న మనిషి బదులు చెప్పలేడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, కొంగు బిగించుకుని, అప్పుడు మొదలుపెట్టింది.