బొబ్బిలి స్తంభం దగ్గర నేను చావనన్న రోజు

మొన్న మంగళవారం పొద్దున్న పప్పు పొయ్యి మీద ఉండగా ఫోన్ టింగుమంది. పంపింది మా పిన్ని కూతురు. తన మాట ఒక్కటీ లేదు, తన మనవరాలు చదివే శ్రీకాకుళం స్కూలు వాళ్ళు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టిన నోటీసు మాత్రం ఉంది. ఏడో తరగతి పిల్లల్ని బొబ్బిలి యుద్ధ స్తంభం చూపించడానికి తీసుకెళుతున్నారట, ఆడపిల్లలకు తోడుగా ఇద్దరు పెద్దవాళ్ళు కావాలట, రాగలిగినవాళ్ళు కింద బొటనవేలి బొమ్మ నొక్కాలట. అది చదివి కళ్ళజోడు తీసేలోగానే ఫోన్ మోగింది.

"ఏటే అక్కా, సూసావా? మనిద్దరి పేర్లూ ఇచ్చీసేను. ఈసారైనా నోరు మూసుకుని కూకుంటావా, నన్నక్కడికి సేరనిస్తావా?"

నలభై ఏళ్ళుగా పడుతున్న దెప్పు ఇది. పెళ్ళిళ్ళలో పడ్డాను, పురుళ్ళలో పడ్డాను, రాయగడ వైపు రైలెక్కి బొబ్బిలి స్టేషను దాటినప్పుడల్లా పడ్డాను. దెప్పడానికి దానికి హక్కుంది కనుక పడ్డాను. లేకపోతే నేను ఒకరి చేత మాట పడే మనిషినా, నన్నెరిగిన వాళ్ళని అడగండి.

ఆ హక్కు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే నెల్లిమర్ల వెళ్ళాలి, అదీ నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నెల్లిమర్లకి. నాన్నకి జూట్ మిల్లులో పని. మా ఇల్లే కాదు, మా వీధి వీధంతా మిల్లు కూత విని లేచేది, కూత విని అన్నాలకి కూర్చునేది, గోడకి గడియారం ఉన్నవాళ్ళు కూడా కూతతో సరిచూసుకున్నాకే ఆ గడియారాన్ని నమ్మేవారు. మా హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారికి యుద్ధాలంటే పిచ్చి. పంటలూ నేలలూ పాఠాన్ని పది నిమిషాల్లో ముగించే మనిషి, ఫిరంగి పేరెత్తితే గంట కొట్టినా క్లాసు వదిలేవారు కాదు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒకసారి భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులకీ, ఒకసారి బొబ్బిలి స్తంభానికీ తీసుకెళ్ళేవారు. పిల్లల్ని అన్నాను గానీ, మగపిల్లల్ని. ఆ రోజు ఆడపిల్లలం స్కూల్లోనే ఉండి చేతిరుమాళ్ళకి అంచులు కుట్టేవాళ్ళం, మర్నాడు వాళ్ళొచ్చి కోసే కోతలు వినేవాళ్ళం. దాన్నెవరూ అన్యాయమనుకోలేదు. మా తరం వాళ్ళు ఇప్పుడు మనవరాళ్ళ ముందు ఎన్ని కబుర్లు చెప్పినా, అప్పుడు అనుకోలేదు, ఒప్పుకోండి.

అనుకున్నది ఒక్క మా కుట్టు టీచరమ్మ. పాతపట్నం నుంచి వచ్చిన సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడితే వినడం మేమెవరం ఎరగం. ఆవిడ ఆ ఏడు, బడి వదిలాక రోజుకి రెండిళ్ళ చొప్పున, మా క్లాసు ఆడపిల్లలు పదహారుగురి ఇళ్ళకీ తిరిగింది. వయసొచ్చిన పిల్లల్ని మగపిల్లలతో కలిపి బస్సెక్కించి ఊరు దాటిస్తారా అని మగవాళ్ళు కేకలేస్తే అరుగు మీద కూర్చుని వినేది, వాళ్ళు అలిసిపోయాక ఒకటే మాట చెప్పేది. "సాయంత్రం మిల్లు కూత కూసేలోగా మీ పిల్ల మీ గుమ్మంలో ఉంటాది. లేకపోతే నన్నడగండి." మా ఇంటికొచ్చినప్పుడు నాన్న సరే అన్నాడు గానీ, అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, "పిల్లని తీసుకెల్లండి టీచరమ్మా, దాని నోరు మాత్రం ఇక్కడే ఒగ్గీసి ఎల్లమనండి" అంది. టీచరమ్మ నవ్వింది. అమ్మ నవ్వలేదు.

మా పిన్ని వాళ్ళది రెండిళ్ళవతల. పిన్ని కూతురు నాకన్నా ఒక క్లాసు కింద. అక్కలు వెళితే వచ్చే ఏడు తన వంతు ఖాయమని దాని లెక్క. కొత్త నీలం రిబ్బన్లు నా జడలకి కట్టి, "నాకన్నా ముందు నా రిబ్బన్లు సూసొస్తాయిలే, మాపొద్దే తిరిగిచ్చీయాల" అంది. పారేస్తే చంపేస్తానని కూడా అంది.

బొబ్బిలి కథ మా వైపు పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కోట మీదికి విజయనగరం రాజు ఫ్రెంచి వాళ్ళ ఫిరంగుల్ని వెంటేసుకొచ్చాడు. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువుకి చిక్కకూడదని తామే వాళ్ళని చంపి, ఇళ్ళకి నిప్పు పెట్టి, కత్తులు దూసి బయటికొచ్చారు. ఓడిన ఊళ్ళో స్తంభం లేచింది, గెలిచిన విజయనగరం వైపు వాళ్ళం పులిహోర మూటలు కట్టుకుని దాన్ని చూడ్డానికి వెళ్ళాం. మెడలు విరిచి పైకి చూశాం, చుట్టూ తిరిగాం, ఎండలో రాయి ఎంత కాలిందో అరచేయి పెట్టి చూశాం. భోజనాలయ్యాక మాస్టారు అసలు ముచ్చట బయటపెట్టారు. ఏటా అక్కడ పిల్లల చేత యుద్ధం ఆడించడం ఆయనకి అలవాటు. బొబ్బిలి సైన్యం వైపు తోసుకుంటూ వెళ్ళారు మగపిల్లలందరూ, విజయనగరం పక్షానికి ఒక్కడూ లేడు, ఫ్రెంచి దొర వేషానికైతే చీట్లు వేయాల్సి వచ్చింది. అంతవరకూ మేమూ నవ్వాం.

తరవాత మా వైపు తిరిగి, ఈ ఏడు మనకి ఆడపిల్లలు కూడా ఉన్నారు కనుక కథ పూర్తిగా ఆడొచ్చు, మీరు గుండ్రంగా కూర్చోండి, నేను ఈల వేయగానే అందరూ పడి చచ్చిపోవాలి అన్నారు. పదిహేను మంది కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

"మేం సావం మాస్టారూ."

ఆయనకి మొదట అర్థం కాలేదు. చరిత్రలో అలాగే ఉందే అన్నారు. చావమని వాళ్ళనెవరైనా అడిగారా, అడిగినట్టు పుస్తకంలో ఉందా, ఒక్కర్తి చేతికైనా కత్తి ఎందుకివ్వలేదు అన్నాను. చరిత్రలో ఉన్నదే ఆడాలి గానీ మన ఇష్టం కాదన్నారు. "చరిత్రలో మీ ఈల లేదు కద మాస్టారూ" అన్నాను. వెనక మగపిల్లలు గొల్లుమన్నారు. కూర్చున్న వాళ్ళలో ఒకతి లేచింది, ఇంకొకతి లేచింది, చూస్తూండగానే పదహారుగురమూ నిలబడ్డాం. అప్పుడు మాస్టారు మానేసి ఉంటే బాగుండేది, కానీ ఆయనకీ పట్టుదలే. మగపిల్లల్లో పదిమందికి తలల మీద తువ్వాళ్ళు ముసుగులేసి ఆడవాళ్ళని చేశారు. వాళ్ళు ఈల వేస్తే పడ్డారు గానీ, చచ్చినవాడల్లా పకపకా నవ్వాడు. చచ్చినవాళ్ళు నవ్వుతారేట్రా అని ఆయన మళ్ళీ లేపారు, మళ్ళీ చంపారు. బొబ్బిలి ఆడవాళ్ళు ఆ మధ్యాహ్నం అయిదుసార్లు చచ్చారు. కుట్టు టీచరమ్మ బస్సు పక్కన నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ, ఎండ వాలడం చూస్తూ, రెండుసార్లు మాస్టారి దగ్గరికొచ్చి ఏదో చెప్పి వెనక్కి వెళ్ళింది.

ఊరు ఇంకా రెండు మైళ్ళుందనగా మిల్లు కూత కూసింది. బస్సులో పాటలు ఆగిపోయాయి. ముందు సీట్లో టీచరమ్మ వెనక్కి తిరగలేదు, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది, అంతే.

స్కూలు గేటు దగ్గర పదహారిళ్ళ వాళ్ళూ ఉన్నారు. ఇదేనా మీ మాట అని ఒకాయన, మీకు పిల్లలు లేరు కాబట్టి తెలీదని ఒకావిడ, తలో మాటా అంటూంటే, టీచరమ్మ బస్సు టైరు పంచరైందని చెప్పింది. నా వైపు చూడకుండా చెప్పింది. పుట్టాక మాటకి మాట చెప్పకుండా నేను ఉన్నది ఆ సాయంత్రమే మొదటిసారి. మాట్లాడాల్సిందీ ఆ సాయంత్రమే. అమ్మ రెక్క పట్టుకుని లాక్కెళుతూంటే, ఆలస్యం నా వల్లే అయిందని చెప్పకుండానే వెంట నడిచాను.

మగపిల్లల నోట్లో ఏదీ దాగదు కదా, రెండు రోజులకల్లా ఊరంతా తెలిసిపోయింది. ఆడపిల్లలు మాస్టారికి ఎదురు తిరిగారు, టీచరమ్మ అబద్ధమాడింది. మరుసటేడు ఆవిడ మళ్ళీ ఇళ్ళకి తిరిగింది. ఒక్క గుమ్మమూ లోపలికి రమ్మనలేదు. మా పిన్నే రమ్మనలేదు. మా చెల్లి ఏడ్చి, అన్నం మానేసి, చివరికి ఆ రిబ్బన్లు తెచ్చి నా ఒళ్ళో పారేసి, "నువ్వు సావకపోతే పోయేవు, నన్ను సంపీసేవు కదే" అంది. పదో తరగతి అవగానే దానికి పెళ్ళి చేశారు. నేను విజయనగరంలో డిగ్రీ చదివాను. ఆ తరవాత బొబ్బిలి మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా, ఆ స్తంభం వైపు మాత్రం అది అడుగు వేయలేదు. "నువ్వు తగువెట్టి పోగొట్టేవు, నువ్వే తీసుకెల్లి సూపించాల" అనేది. నేను రేపనేదాన్ని.

టీచరమ్మ మాత్రం నన్నేమీ అనలేదు. ఒక్కసారి, నాకు గుండీ కాజా కుట్టడం చూపిస్తూ, "నీ మాట తప్పని నేననను. ముందు అందర్నీ ఇళ్ళకి సేర్చీసి, ఆనక అడగాల్సింది" అంది, దారం కొరుకుతూ. దానితో నేను ఈనాటికీ ఏకీభవించను. ఇళ్ళకి చేరాక అడిగితే ఎవరు వింటారు? అదే మాట ఆవిడకి చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆ జవాబు తోచేసరికే ఆవిడకి బదిలీ అయింది, ఆ తరవాత పోయిందని తెలిసింది.

సరే, మొన్న శనివారం వెళ్ళాం. ఏసీ బస్సు, ఒక్కో పిల్ల మెడలో ఒక కార్డు. ముప్ఫయ్యేళ్ళు కూడా లేని టీచరు స్తంభం ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటో తీసింది, ప్రశ్నల కాగితాలు పంచింది, ఇరవై నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. యుద్ధం లేదు, ఈల లేదు, ఎవరూ ఎవర్నీ చావమనలేదు. నాకు తగువాడడానికి ఒక్క సందైనా దొరకలేదు.

మా చెల్లి, మోకాళ్ళ నొప్పులతో, స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. అరచేయి రాతికి ఆనించి చూసింది.

"ఇంతేనేటే? దీనికోసమా నలభై ఏళ్ళు తిట్టేను నిన్ను?"

ఇంతేనన్నాను. అది చుట్టూ చూసి, "ఏదీ, నువ్వు సావనన్న సోటు సూపించు" అంది. అంతా మారిపోయింది, నాకే సరిగా తెలియలేదు, ఉజ్జాయింపుగా చూపించాను. మనవరాలిని కేకేసి అక్కడ నిలబెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తనే మాస్టారైపోయి, లేని ఈల నోట్లో పెట్టుకుని, ఆ రోజు కథంతా ఆడి చూపించింది. తను లేని ఆ కథలో నేను మరిచిపోయిన మాటలు కూడా దానికి తెలుసు. చీట్లలో ఫ్రెంచి దొర అయిందెవడో కూడా తెలుసు. పిల్ల అంతా విని, "మరి నువ్వెక్కడున్నావు అమ్మమ్మా?" అంది. "నానింటికాడున్నాన్లే" అంది చెల్లి, చెంగుతో మొహం తుడుచుకుంటూ. ఎండకే అనుకుంటాను.

తిరిగి శ్రీకాకుళం చేరేసరికి ఇంకా బాగా వెలుతురుంది. బస్సు ఎక్కడుందో దారి పొడుగునా ఇళ్ళ దగ్గర అందరూ ఫోన్లలో చూస్తూనే ఉన్నారట. గేటు దగ్గర స్కూటర్లు ఇంజన్లు ఆపకుండానే పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాయి. మంచిదే, ఎవరినీ తప్పుపట్టను. ఒకరి పిల్ల కోసం ఇంకొకరు పదహారు గుమ్మాల ముందు నిలబడి మాటివ్వాల్సిన అవసరం ఇప్పుడు లేదు, ఇచ్చిన మాట తప్పినందుకు అబద్ధమాడాల్సిన అవసరమూ లేదు. గేటులో మా ఇద్దరినీ, ఎవరమ్మా మీరు, మా పిల్లని మీరేనా తీసుకొచ్చింది అని అడిగినవాళ్ళు కూడా లేరు.

చెల్లి సంచీ భుజాన వేసుకుని, చేతి గడియారం చూసుకుంది.

"ఏలకే తెచ్చీసేం కదే అక్కా. టీచరమ్మకి సెప్పాల."

తలూపి, ఆటో కోసం రోడ్డు వైపు చూశాను.