నాకు గుర్తున్న మొహాలు

ఈ ఉదయం కొత్తవలస స్టేషన్ బయట ఎవడో ఒకామె మెడలో గొలుసు తెంపుకుని పారిపోయాడు. హోటల్లో వంట చేసే మణిపూర్ అతను ఎదురొస్తే, "ఈడే! ఆ సిన్న కళ్ళు నాకు తెల్దేటి?" అందామె. జనం బెల్టులతో కొట్టారు. పన్ను ఊడి రక్తం కారింది. అతని ఊరివాడే అయిన స్నేహితుడు అడ్డం వచ్చాడు. "కాదు, ఈడే!" అందామె. అతన్నీ కొట్టారు.

పోలీసులొచ్చి, కొట్టిందెవరని అడిగారు. పన్ను ఊడినతను మా అందరినీ చూసి, "తెలీదు సార్. అందరూ ఒకలాగే ఉన్నారు" అన్నాడు.

నాకు మాత్రం ప్రతి మొహమూ గుర్తుంది, మనవాళ్ళే కదా. పేర్లు చెప్పేశాను.

"ఏటి బావా, మనోళ్ళనే పట్టించేస్తావా?" అని ఇందాక వాళ్ళలో ఒకడు ఫోన్ చేసి తిట్టాడు. ఇక నా మొహం వాళ్ళు మర్చిపోరు. మీరైతే చెప్పేవారా?