దరఖాస్తుల చాచా రాసిన నా ఎం.ఏ. పరీక్ష

ఎం.ఏ. చదువుతానంటే మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు. కళ్లు లేనివాడు ఒకచోట కూర్చుని చేసే పని ఏదైనా మంచిదే అనుకున్నారు. నవ్వింది యూనివర్సిటీలోనే. చేరిన రోజున ఒక గుమాస్తా నా ఫారం పట్టుకొని, "చూపు లేదంటివి, హిస్టరీల ఏం చూస్తవయ్యా?" అని అడిగాడు. "కాకతీయ రాజులను మీరు చూసిండ్రా సార్?" అన్నాను. నాకు మొదటినుంచీ నోరు కాస్త దురుసు. దానివల్ల తిన్న చీవాట్లకు లెక్కలేదు గానీ, అది లేకపోతే నాకు ఎం.ఏ. వచ్చేది కాదు.

నాలుగో ఏట అమ్మవారు పోసి నాకు చూపు పోయింది. మాది మరిపెడ దగ్గర పల్లె. హైదరాబాదులో అంధుల బడి, హనుమకొండలో డిగ్రీ, ఆ తర్వాత ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఎం.ఏ. హాస్టల్లో నా గదిలో ఉండే మిత్రుడిది డోర్నకల్. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు కనుక ఇంజను కూత మీద కూడా వినపడే గొంతు. వాడు పుస్తకం గట్టిగా చదివితే నేను బ్రెయిలీ పలక మీద చుక్కలు పొడుచుకునేవాణ్ణి. పక్క గదుల వాళ్లకు కూడా మా సిలబస్ సగం నోటికి వచ్చేసింది. చదువుకు లోటు రాలేదు. వచ్చిన చిక్కంతా పరీక్షతోనే.

నేను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కావాలి. స్క్రైబ్ అంటారు. ఆ మనిషిని వెతుక్కోవలసింది నేనే. అతను నాకన్నా తక్కువ చదివినవాడై ఉండాలన్నది రూలు. తక్కువ చదివి, చేతిరాత బాగున్నవాళ్లంతా పరీక్షల నెలలో తమ పరీక్షలు తాము రాసుకుంటుంటారన్న ముచ్చట ఆ రూలు పెట్టిన పెద్దలకు తట్టలేదు. రాస్తానని మాటిచ్చిన ఇంటర్మీడియట్ అమ్మాయికి సరిగ్గా నా మొదటి పేపరు రోజే తన పరీక్ష పడింది. ఇంక పది రోజులే ఉన్నాయి. రాసే మనిషి దొరక్కపోతే పరీక్ష లేదు, పరీక్ష తప్పితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, అది ఆగితే సామాను సర్దుకొని ఊరికి పోవడమే.

అప్పుడు చాచా గుర్తొచ్చాడు. కలెక్టరాఫీసు ముందు రేకుల పందిరి కింద దరఖాస్తులు రాసేవాడు. నిజాం కాలంలో ఉర్దూలో మొదలుపెట్టి, రాజ్యం మారాక తెలుగులోకి మారాడు. చదివింది తొమ్మిదో తరగతి. నన్ను అంధుల బడిలో చేర్చుకోమని మా బాపు దరఖాస్తు రాయించింది ఆయన చేతనే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పాళీ కాగితం మీద గీరుకుంటూ పోయిన చప్పుడు నాకింకా గుర్తుంది.

"చాచా, పరీక్ష రాయాలె" అన్నాను.

"ఏ ఆఫీసుకు పెట్టుకోవాలె?"

"దరఖాస్తు కాదు చాచా. నేను చెప్త, నువ్వు రాస్తవు. సొంతంగ ఒక్క ముక్క కలపొద్దు."

"నలభై ఏండ్ల సంది రాస్తాన బేటా. నా కాగితం మీద ఎంతమంది కలెక్టర్లు సంతకం పెట్టిండ్రో! నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫికర్ చేయవలసింది. చేయలేదు. ఆయన పని పద్ధతి వేరు. వచ్చినవాడి గోడు మొదటినుంచి చివరిదాకా వింటాడు, ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతాడు, ఆ తర్వాత ఒక్క బిగిన రాసేస్తాడు. ఇలా వాక్యం వెంట వాక్యం చెప్పించుకొని రాయడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. అయినా వారం రోజులు పందిరి కిందే కూర్చుని అలవాటు చేశాను.

పరీక్షకు నాకు విడిగా గది ఇచ్చారు. గది అంటే మెట్ల కింద, పాత బీరువాల వెనక కాస్త చోటు. కాగితాలు అందగానే, నేను నోరు తెరవకముందే పాళీ పరుగు మొదలుపెట్టింది. హాల్ టికెట్ నంబరు వేస్తున్నాడనుకున్నాను. నంబరు మరీ పొడుగ్గా ఉందే అనిపించింది గానీ, టైం పోతుందని అడగలేదు. మొదటి ప్రశ్న కాకతీయుల చెరువుల మీద. నాకు పండగే. మూడు గంటలూ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చివరి వాక్యం దగ్గర ఉండగానే గంట కొట్టారు, ఇన్విజిలేటర్ కాగితాలు లాగేసుకున్నాడు.

బయట చాయ్ హోటల్లో చాచా మంచి హుషారు మీద ఉన్నాడు. నా మిత్రుడు కూడా వచ్చి కలిశాడు.

"మస్తు రాసినం బేటా. పైన గూడ మంచిగ రాసిన. పరీక్ష దొరవారి దివ్యసముఖమునకు అని పెట్టి, నీ పేరు, మీ బాపు పేరు, ఊరు, తాలూకా, రెండు కండ్లు కానరానివాడనని, అన్నీ."

"పేరు రాసినవా చాచా?"

"పేరు లేని కాగితం ఎవరు చూస్తరు? చింపి పారేస్తరు."

పరీక్ష పేపరులో నంబరు తప్ప మనిషి ఆనవాలు ఉండకూడదు. ఉంటే కాపీ కొట్టినట్టే లెక్క. ఆ ఒక్క పేపరే కాదు, ఏడాది పరీక్షలన్నీ రద్దు చేయొచ్చు. చాచాకు ఆ సంగతి తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు. అయినా కోపం ఆపుకోలేక నలుగురిలో ఆయన మీద అరిచాను. తండ్రి వయసు మనిషిని అనకూడని మాటలన్నాను. ఆయన నా చేతిలోంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లయినా ఆ మాటలకు సిగ్గుపడుతూనే ఉన్నాను.

"ఊకో, ఎవరికీ చెప్పకు. దిద్దేటాయన పట్టించుకోకపోవచ్చు. నువ్వే పోయి చెప్తె నువ్వే దొరుకుతవు" అన్నాడు మిత్రుడు. వాడు చెప్పింది తెలివైన మాటే. కానీ ఎవరో ఒకరు చూస్తారేమో, చూడరేమో అనుకుంటూ రెండు నెలలు గడపడం నావల్ల కాదనిపించింది. మిగతా నాలుగు పేపర్లలో ఇంకేం పడుతుందో కూడా నాకు తెలిసే దారి లేదు. చాచా చేయి పట్టుకొని పరీక్షల ఆఫీసుకు నడిచాను.

"పేరు రాసినట్టు నీకెట్ల తెలుసు? నువ్వు చూసినవా?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"చూసినాయన పక్కనే ఉన్నడు" అన్నాను.

"అయితే దరఖాస్తు పెట్టుకో."

చాచా ముందుకొచ్చాడు. "ఒక కాగితం ఇయ్యుండ్రి" అన్నాడు.

వరండా మెట్ల మీద కూర్చున్నాం. నేను కోపం మీద చెప్పుకుపోయాను: పేరు రాసింది మాఫీ చేయాలి, రాసే మనిషిని యూనివర్సిటీయే ఇవ్వాలి, గాలి ఆడే గది ఇవ్వాలి, టైం ఇవ్వాలి. చాచా ఒక్క ముక్క రాయలేదు.

"దరఖాస్తుల ఒక్కటే అడగాలె బేటా. నాలుగు అడిగితే దొర నాలుగూ పక్కకు పెడ్తడు. నీకు ఏది లేకుంటే గడవదో అదొక్కటి చెప్పు."

వేళ్ల మీద ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. "నేను చెప్పింది ఏం రాసిండ్రో నాకు తిరిగి చదివి వినిపియ్యాలె. దానికి టైం ఇయ్యాలె."

"మాఫీ అక్కరలేదా?"

"అది దాంట్లనే ఉన్నది చాచా."

పాళీ చప్పుడు మొదలైంది. ఈసారి ఆయన పద్ధతిలోనే రాయనిచ్చాను, దివ్యసముఖంతో సహా.

పరీక్షల ఆఫీసరు పొడిగా మాట్లాడే మనిషి. మా దరఖాస్తు చదివి, కట్ట తెప్పించి నా పేపరు బయటికి తీయించాడు. "ఏం రాసినవో చదువు" అన్నాడు చాచాతో. చాచా చదివాడు. దివ్యసముఖం, నా పేరు, బాపు పేరు, ఊరు. ఆ తర్వాత కాకతీయుల చెరువులు. ఆ జవాబు చివర, "కావున అట్టి చెరువుల తూములు, కట్టలు మరమ్మతు చేయించి రైతులను కాపాడగలరని ప్రార్థన" అని ఉంది. గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. నేను మాత్రం మిగతాది వింటున్నాను. నేను చెప్పిన వాక్యాలు ఒక్కటీ తప్పిపోలేదు, వరుస మారలేదు. నేను రాసిన పరీక్ష నా చెవిన పడటం అదే మొదటిసారి. బాగా రాశానని నాకు నేనే అనుకున్నాను.

"పేరున్నది. మీరే ఒప్పుకున్నరు. రూల్ ప్రకారం రద్దు చెయ్యాలె" అన్నాడు ఆఫీసరు.

"సార్, మిగతా పిల్లలు పేపరు ఇచ్చే ముందు ఒకసారి తిరగేస్తరు. తప్పు కనపడితే కొట్టేస్తరు. నా పేపర్ల ఏమున్నదో నాకు ఇప్పుడే తెలిసింది. ఇప్పుడే తిరగేసుకున్న అనుకోండి. పైన నాలుగు వరుసలు, చెరువుల కింద ఒక వరుస కొట్టేయాలె. నాకు ఒక్క నిమిషం ఇప్పియ్యండి చాలు."

ఆఫీసరు జిగురు సీసా తెమ్మన్నాడు. పేరున్న చోట తెల్లకాగితం అంటించి తన సంతకం పెట్టాడు. కింది వరుస తానే కొట్టేశాడు. ఆ తర్వాత టైపిస్టును పిలిచి, చూపు లేని, చేయి సాగని విద్యార్థులకు రాసింది చదివి వినిపించుకోవడానికి అరగంట అదనంగా ఇవ్వాలని ఆర్డరు చెప్పాడు. మేం లేచి బయటికి వస్తుంటే వెనక నుంచి, "ఈ దరఖాస్తు ఎవరు రాసిండ్రు? మంచిగున్నది" అన్నాడు.

వరండాలోకి వచ్చి చాచాను పట్టుకొని ఏడ్చాను. తప్పయిందని చెప్పాను. "నడువు, రేపటి పేపరు చదువుకోవాలె" అన్నాడాయన.

మిగతా నాలుగు పేపర్లకూ చివరి అరగంట ఆయన చదివాడు, నేను విన్నాను. మూడో పేపర్లో ఒక 'అయ్యా' దొరికింది, కొట్టేయించాను. మరుసటి ఏడు ఫైనల్ పరీక్షలప్పుడు, చేయి సరిగా పనిచేయని ఒక అమ్మాయి మా పక్క గదిలో తను చెప్పింది చదివించుకుంటోంది. "అట్ల కాదు, మళ్లీ చదువు" అని తన స్క్రైబును దబాయిస్తోంది. ఆ అరగంట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఆ దబాయింపు వింటుంటే నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

ఫస్టు క్లాసులో పాసయ్యాను. పట్టా చేతికి వచ్చిన రోజు బాపు ఊరినుంచి వచ్చాడు. నాకు చూపు లేదు, బాపుకు చదువు రాదు. ఇద్దరం కలిసి రేకుల పందిరి కిందికి పోయాం. దరఖాస్తుల కోసం వచ్చినవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. చాచా చేతులు తుడుచుకొని పట్టా విప్పి, తెలుగులో ఉన్నంతవరకు పైకి చదివాడు. నా పేరు దగ్గర ఆగాడు.

"చూసినవా బేటా! పేరు, బాపు పేరు. మీ యూనివర్సిటోళ్లు గూడ రాసిండ్రు. నేను జర ముందుగాల రాసిన, అంతే."

బాపు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "మళ్లొక్కసారి చదువు చాచా" అన్నాను.

పందిరి కింద అందరికీ వినపడేలా మళ్లీ మొదటినుంచి చదివాడు.