స్టార్టర్‌లో పుల్ల

ఏడేళ్ళుగా మోస్తున్న బరువు ఇది. యుద్ధాలు, శాపాలు, వనవాసాలు ఉన్న పెద్ద ఇతిహాసం చెప్పబోతున్నాను, సర్దుకుని కూర్చోండి. కాదు లెండి. ఇది రెడ్డిగూడెంలో ఒక నీళ్ళ మోటారు కాలిపోయిన కథ.

అప్పుడే ఐ.టి.ఐ. పాసై కరెంటు పనులు మొదలుపెట్టాను. మామిడితోటలున్న ఒక రైతుగారింట్లో, డాబా మీది ట్యాంకు ఖాళీ కాగానే మోటారు దానంతటదే తిరిగేలా ఆటోమేటిక్ స్విచ్చి బిగించాను. వచ్చిన చుట్టాలందరికీ ఆయన దాన్ని చూపించేవారు. నేను పక్కన నిలబడి మీసం దువ్వుకునేవాణ్ణి. మీసం ఇంకా సరిగా రాలేదు, అది వేరే సంగతి.

ఎండాకాలం వచ్చేసరికి తోటల్లో మోటార్లన్నీ ఒక్కసారే తిరిగేవి. వోల్టేజి పడిపోయి ఇంట్లో బల్బులు చుట్ట నిప్పులా వెలిగేవి. మోటారు కాలకుండా స్టార్టరు దాన్ని ఆపేసేది. ట్యాంకు ఎండిపోయేది, దానితోపాటు నా పరువూ. తీగలు, ఫ్యూజులు అన్నీ వెతికాను. వైరింగులో తప్పు లేదు, కరెంటులోనే బలం లేదు. ఆ మాట చెప్పి ఊరుకోవచ్చు. ఎందుకు చెప్పలేదు? చుట్టాల ముందు చిన్నబోతాననా? చుట్టుపక్కల తోటల్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. స్టార్టరు మోటారుని ఆపకుండా దాని లోపల చిన్న వేపపుల్ల ఇరికించి మూత బిగించాను.

రెండ్రోజులకే మోటారు కాలింది. మూత తీస్తే పుల్ల. ఎవడు పెట్టాడని రైతుగారు అడిగారు. పెరట్లో పాక వేసుకుని తోటకు కాపలా ఉండే రాములు చేతులు కట్టుకున్నాడు.

"నాకా మూత తియ్యడం కూడా రాదు బాబుగారూ."

"పని తెలిసినోడెవడైనా పుల్ల పెడతాడేంటండీ?" అన్నాను నేను.

అందరూ నవ్వారు. రాములు కూడా అలవాటుగా నవ్వాడు. ఆ మాట తన మీదికే వచ్చిందని ఆ తర్వాత అర్థమైంది అతనికి.

సాయంత్రానికి పాక ఖాళీ చెయ్యమన్నారు. కాయ కోతకొచ్చే రోజుల్లో కాపలా మనిషిని తీసేస్తే ఇంకే తోటలోనూ పెట్టుకోరు, కాయలు దొంగిలించాడనుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. అతని భార్య గిన్నెలు మూట కడుతుంటే నేను తల వంచుకుని కాలిన మోటారు విప్పుతున్నాను. ఒక్క మాట అనలేకపోయానా? మాటలు రానివాణ్ణి కాదే.

పుల్ల పెట్టింది నేను. రాములు కాదు. ఇంత చిన్న వాక్యానికి ఇన్నేళ్ళు పట్టింది. రాసినంత మాత్రాన మంచివాణ్ణయిపోలేదు, వీపు మాత్రం కాస్త తేలికైంది. వాళ్ళు చాట్రాయి వైపు వెళ్ళారని విన్నాను. ఎలా ఉన్నారో తెలియదు. ముందు రైతుగారికి చెప్పాలి. రేపు ఎలాగూ వాళ్ళింటికి వెళ్ళాలి. హాల్లో ఫ్యాను చప్పుడు చేస్తోందట, నూనె వెయ్యాలి.