అల్లదిగో సుక్క

గురునాథరావుకి ఆకాశంలో లేని చుక్కలు కనిపించేవి.

అది కంటి జబ్బు కాదు. ఆయన విశాఖపట్నం పోర్టులో సిగ్నల్ స్టేషన్ ఉద్యోగి. ఎక్కడో నడిసముద్రంలో లంగరేసిన ఓడ దీపం చూసి, అది సరుకు ఓడో నూనె ఓడో, ఇవాళ లోపలికొస్తుందో రేపొస్తుందో చెప్పేసేవాడు. పోర్టులో ఆయన చూపు తప్పిందని ఎవరూ అనలేదు. అటువంటి మనిషి కార్తీక సోమవారం సాయంత్రం వన్‌టౌన్‌లోని తన ఇంటి డాబా ఎక్కాడంటే చాలు, చూపుకి పట్టపగ్గాలుండేవి కావు. లైట్‌హౌస్ వెలుగు చుక్క, విమానం చుక్క, ఎదురింటివాళ్ళ గాలిపటం తోక కూడా చుక్కే.

చుక్కతో ఆయనకేం పని అంటే, పని ఆయనది కాదు, తల్లి కాశమ్మది. కార్తీక సోమవారాలు పగలంతా మంచినీళ్ళైనా ముట్టకుండా ఉండి, చుక్క పొడిచాక తినడం ఆవిడ నియమం. కళ్ళల్లో పొరలు కమ్మి ఆవిడకి చుక్క కాదు గదా, చుక్కల చీర కట్టుకున్న కోడలే సరిగ్గా కనిపించేది కాదు. అందుకని చూసి చెప్పే భారం కొడుకు మీద పెట్టింది. తప్పుడు చుక్క చెబితే పాపం చెప్పినవాడిదే అని షరతు కూడా పెట్టింది.

"ఒరే గురునాతం, వొచ్చిందేట్రా సుక్క?"

"అల్లదిగో అమ్మా!"

"ఎక్కడ్రా? నా ఈపు మీద ఇంకా ఎండే పోనేదు."

"ఎండ నీ ఈపు మీదుంది, సుక్క నా కంట్లో ఉంది. బేగి లెగు. నాను ఆకలికి సచ్చిపోతన్నాను."

అదీ సంగతి. ఆకలి. ఆయన భార్య కామేశ్వరి తగరపువలస నుంచి కాపురానికొచ్చిన మొదటి కార్తీకంలోనే ఈ రహస్యం కనిపెట్టేసింది. మొగుడికి కడుపు కాలితే కళ్ళు ఏం కావాలంటే అది చూస్తాయి. తనూ ఉపవాసమే కాబట్టి పాపం ఆవిడ ఒక కన్ను విస్తట్లోనూ ఒక కన్ను ఆకాశంలోనూ పెట్టి తినేది. ముద్ద ముద్దకీ మనసులో శివుడికి క్షమాపణ చెప్పుకునేది.

తక్కిన లోకానికి ఏడాదికి ఆరు రుతువులు. గురునాథరావుకి రెండే. దసరా నుంచి కార్తీకం వెళ్ళేదాకా తిండి కాలం, ఆ తర్వాతంతా దాని కోసం ఎదురుచూపు. వానలు వెనక్కి తగ్గి, సముద్రం మీంచి గాలి కాస్త చల్లబడి, కురుపాం మార్కెట్లోకి సీతాఫలాల గంపలు దిగాయంటే ఆయన నడకే మారిపోయేది. ఆ కాలంలో ఆ వీధిలో ఉన్నవాళ్ళెవరిని అడిగినా ఇప్పటికీ నోరూరించుకుంటూ చెబుతారు. అప్పటి చలిగాలి కూడా తిండి వాసనతోనే గుర్తుంది వాళ్ళకి.

దసరాకి ఒక సాయంత్రం తల్లినీ, పెళ్ళాన్నీ, పక్కింటి షిప్‌యార్డు వెల్డరు అర్జునరావునీ, అతని భార్య తాయారునీ రిక్షాలెక్కించి పూర్ణా మార్కెట్ దగ్గర హోటల్లో దోసెలు తినిపించడం ఆయన ఆనవాయితీ. ఆ రోజు ఊరంతా అక్కడే ఉండేది. గుమ్మంలో అడుగుపెట్టగానే గురునాథరావు చెయ్యెత్తేవాడు.

"అల్లదిగో బల్ల కాళీ!"

"కాళీయేటి బావా, నలుగురు కూకుని ఇడ్లీ తింటన్నారు కదా," అనేవాడు అర్జునరావు.

"తినీసి లెగుస్తారు కదా. నాకు ముందే కనబడింది."

వెళ్ళి వాళ్ళ వెనకాల నిలబడి, "నెమ్మదిగా తినండి బాబూ, తొందరేటీ నేదు. మా అమ్మ పెద్దది, నిలబడ్నేదు గాని పర్లేదు," అనేవాడు. ఆ నలుగురూ సాంబారు గొంతులో పోసుకుని లేచిపోయేవారు. కామేశ్వరి సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. దోసె వచ్చాక కొంగు తీసేది.

ఒక కార్తీకంలో వీధంతా కలిసి ముడసర్లోవకి వనభోజనాలకి వెళ్ళినప్పుడూ అంతే. ఉసిరి చెట్టు కింద తినాలని కాశమ్మ పట్టు. గంగాళాలు మోసుకుంటూ తోటంతా తిరిగారు, ఉసిరి చెట్టు దొరకలేదు. మధ్యాహ్నం దాటిపోయింది. పిల్లలు ఆకలికి రాగం అందుకున్నారు. గురునాథరావు ఒక మాను మొదట్లో గంగాళం దించేశాడు.

"అల్లదిగో ఉసిరి!"

"అది సింతసెట్టు కదండీ," అంది కామేశ్వరి గుసగుసగా.

"ఆకు సన్నంగా ఉందా నేదా?"

"ఉంది."

"పుల్లటి కాయ కాత్తాదా నేదా?"

"కాత్తాది."

"మరింకేటి తేడా? వడ్డించు."

కాశమ్మ ఆ మానుకే పసుపూ కుంకుమా పెట్టి, చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకుంది. చింతచెట్టుకి అంత గౌరవం అంతకుముందెప్పుడూ జరిగి ఉండదు.

అసలు వైభవమంతా కార్తీక సోమవారం రాత్రి భోజనాలది. ఆ వీధిలో ఉపవాసమున్న ఆడవాళ్ళంతా గురునాథరావు ఇంట్లోనే చుక్కకి ఎదురుచూసేవారు. ఆవ పెట్టిన కందాబచ్చలి, పనసపొట్టు కూర, పులిహోర, గారెలు, బూరెలు, కొత్తిమీర వేసిన చారు. కామేశ్వరి చేతి పనసపొట్టు కోసం శివుణ్ణి నమ్మనివాళ్ళు కూడా ఉపవాసాలుండేవారని అర్జునరావు అనేవాడు. వడ్డన మాత్రం గురునాథరావుదే. పంచె ఎగ్గట్టి, చారు గోకర్ణం పట్టుకుని, వరసల మధ్య కేకలేస్తూ తిరిగేవాడు.

"మీరూ కూకోండి బావా," అనేవారెవరైనా.

"నానా? వంటింట్లో ఎప్పుడో లాగించీసేను. ఆగగలిగిన పేణవేటి ఇది!"

అందరూ ఘొల్లున నవ్వేవారు. అంతటితో అయిపోయేది కాదు. విస్తళ్ళు ఎత్తాక చిన్న పనుందని బయటికెళ్ళి, కాస్త పొద్దుపోయాక వచ్చి, మళ్ళీ పీట వాల్చేవాడు. దానికి వీధిలో 'గురునాథం రెండో విడత' అని పేరు. ఈ విడతలో తినే తిండి చూస్తే మొదటి విడత ఉత్త అబద్ధమనిపించేది. ఇంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. రివటలా ఉండేవాడు. ఆ తిండంతా ఎక్కడికి పోతోందో కామేశ్వరికి అంతుపట్టేది కాదు.

పంతొమ్మిది వందల డెబ్భైలో కార్తీకం మాత్రం నవ్వులాటగా గడవలేదు. గురునాథరావుకి ఒక సోమవారం సాయంత్రం డ్యూటీ పడింది. చుక్క చెప్పేవాడు లేక, అసలు చుక్క వచ్చేదాకా కూర్చున్న కాశమ్మ డాబా మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దుగుంకే వేళకి కడుపులో ఏదో ఒకటి పడకపోతే ఈసారి లేవదని డాక్టరు చెప్పాడు. ఉపవాసం మానమంటే ఆవిడ వినలేదు. "నా పేణం కోసం నియమం సడలించుకుంటానా? ఆ మాట మళ్ళీ అన్నారంటే సుక్క పొడిసినా ముద్ద ముట్టను," అంది.

దాంతో డెబ్భై ఒకటిలో కామేశ్వరి మొగుడి ఆకలికి మొదటిసారి దణ్ణం పెట్టుకుంది. ఆయన తిండిపోతుతనం వల్ల అత్తగారు సూర్యుడుండగానే తింటోంది, ప్రాణం నిలుస్తోంది. కొడుకు తనకోసమే అబద్ధం చెబుతున్నాడని అనుమానం వస్తే ఆవిడ ముద్ద ముట్టదు. వాడికి ఆకలెక్కువ, వాడి కళ్ళు చురుకు అనుకున్నన్నాళ్ళూ ఫరవాలేదు.

ఆ ఏడాది కార్తీకం, రంజాన్ ఒకే నెలలో పడ్డాయి. వీధి చివర హోటల్ నడిపే కరీం బాషా గురునాథరావుకి బళ్ళో జతగాడు. కరీం ఇంట్లో రోజాలు, వీళ్ళింట్లో సోమవారాలు. సాయంత్రమయ్యేసరికి వీధికి ఆ చివర అజాన్ కోసం, ఈ చివర చుక్క కోసం ఎదురుచూపులు. గారెలు అటు వెళ్ళేవి, ఖర్జూరాలు ఇటు వచ్చేవి.

మూడో సోమవారం పొద్దుటినుంచీ ముసురు. గురునాథరావు గొడుగు వేసుకుని డాబా ఎక్కాడు.

"అల్లదిగో! మబ్బు సందులోంచి ఇలా తొంగి సూసి అలా పోయింది."

"నాకోసారి సూపించరా," అంది కాశమ్మ.

"అది నీకోసం ఆగుతాదేటే? దానికి వేరే ఊళ్ళు నేవా?"

భోజనాలు ముగిశాయి. ఆయన యథాప్రకారం బయటికెళ్ళాడు. అప్పుడు తాయారు కామేశ్వరిని వంటింట్లోకి లాగి, చెవిలో ఒక మాట వేసింది.

"వొదినా, ఏటీ అనుకోకు. అన్నయ్య సోమారం సోమారం కరీం హోటల్లో లోపలి బల్ల మీద కూకుంటన్నాడంట. మా ఆయన సూసేడు. అక్కడ కైమా వాసన వీధంతా గుప్పుమంటంది..."

కార్తీక సోమవారం కైమానా! మొగుడు ఏం తింటున్నాడన్నది తర్వాత సంగతి. ఈ మాట అత్తగారి చెవిన పడితే ఇంక కొడుకు చుక్కని నమ్మదు. నమ్మకపోతే తినదు. తినకపోతే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు.

"నువ్వీ మాట ఇంకెక్కడా అనకు తాయారూ," అని గొడుగు పట్టుకుని గబగబా బయల్దేరింది.

హోటల్ ముందు గదిలో జనం ఉన్నారు. కరీం ఆవిణ్ణి చూసి కంగారుగా లేచాడు. కామేశ్వరి ఆగలేదు, లోపలికి నడిచింది. వెనక గదిలో గురునాథరావు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ముందర మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు, ఒక పళ్ళెంలో నాలుగు ఖర్జూరాలు. మెడ సాగదీసి పెరటి గుమ్మంలోంచి ఆకాశం చూస్తున్నాడు. కరీం తల్లి సర్దార్ బీ ఆయన్ని తిడుతోంది.

"బేటా, మాకు సూర్యుడు ఎల్లిపోతే చాలు, తినేత్తాం. అంత పెద్ద సూర్యుడు పోయాక కూడా మీకు ఆ సిన్న సుక్క కావాలా? ఈ ముసుర్లో ఎక్కడినుంచి వస్తదది? పోయిన సోమారమూ రాలేదు, తెల్లారేదాకా ఏటీ తినలేదు నువ్వు!"

కామేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పోయిన సోమవారం కూడా ముసురే. ఆ రాత్రి ఆయన రెండో విడత వద్దన్నాడు. కడుపు బరువుగా ఉందన్నాడు. అరక్కే కాబోలని తను తిడుతూ గుప్పెడు వాము ఇచ్చి, దగ్గరుండి నోట్లో వేయించింది. పగలంతా పస్తున్న మనిషికి అజీర్తికి మందు!

"ఏటండీ ఇది?" అంది.

గురునాథరావు దొంగతనం చేస్తూ దొరికినవాడిలా లేచి నిలబడ్డాడు. "అబ్బే, ఊరికే. కరీంతో మాటాడదామని..."

"వంటింట్లో ముందే లాగించీడం అబద్ధవేనా?"

ఆయన తల గోక్కున్నాడు. "అమ్మ నా మాట మీద తింటంది కామేశ్వరీ. ఆ మాటేమో అబద్ధం. అమ్మ ఉపాసం సగంలో ఆగిపోతంది కదా. ఆ మిగిలింది ఎవరో ఒకరు పట్టాలి. ఇంట్లో తినకుండా కూకుంటే అమ్మ కనిపెట్టెయ్యదా? అందుకని ఇక్కడ..."

"మరి నాకన్నా సెప్పకూడదేటి?"

"నీకు సెప్తే నువ్వూ తినకుండా నాతో కూకుంటావు. అప్పుడు పనసపొట్టు ఎవరొండుతారు?"

కామేశ్వరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ మనిషిని ఇన్నేళ్ళూ తిండిపోతని అందరితోపాటు తనూ నవ్వింది. ఆయన మీద అంత ప్రేమ ఆవిడకి పెళ్ళినాడు కూడా పుట్టలేదు. కళ్ళు తుడుచుకుని పెరటి గుమ్మంలోకి వెళ్ళింది. బయట చినుకులూ చీకటీ తప్ప ఏమీ లేదు.

"అల్లదిగో," అంది.

"ఏటది?"

"సుక్క."

గురునాథరావు వచ్చి పక్కన నిలబడి చూశాడు. ఓడల్ని చూసే ఆ కళ్ళు మబ్బంతా గాలించాయి. "ఎక్కడ? నాకు కనబడ్నేదే?"

"మీరు సూడక్కర్నేదు. సెప్పినోళ్ళదే పాపం. నాను సెప్తన్నాను. తినండి."

"అలా కుదర్దు కామేశ్వరీ, నిజంగా..."

"నాకూ కనబడతంది బేటా," అంది సర్దార్ బీ, ఆకాశం వైపైనా చూడకుండా ఖర్జూరం ఆయన చేతిలో పెడుతూ.

"నాకైతే రెండు కనబడతన్నాయి," అన్నాడు కరీం. "మా పండగ నెలవంకకే ఇద్దరు సాక్షులు చాలు. నీ సుక్కకి ముగ్గురం ఉన్నాం. ఇంకేటి కావాలి బావా నీకు?"

గురునాథరావు ముగ్గురి మొహాలూ చూశాడు. అబద్ధాలాడేవాళ్ళని చూడటం ఆయనకి కొత్త. ఎప్పుడూ ఆ పని తనదే. ఖర్జూరం నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, "ఆకలికి సచ్చిపోతన్నాను," అన్నాడు. అది ఆయన ఎప్పుడూ అనే మాటే, కానీ కామేశ్వరికి మొదటిసారి సరిగ్గా వినిపించింది.

ఇంటికొచ్చాక ఆయనకి విస్తరి వేసి, ఉన్న పనసపొట్టంతా ఊడ్చి పెట్టింది. గోడ అవతలినుంచి అర్జునరావు, "రెండో విడత మొదలయ్యిందేటి బావా?" అని కేకేశాడు. గురునాథరావు నోటినిండా పులిహోరతో "ఊఁ" అన్నాడు.

లోపలి గదిలో మంచం మీంచి కాశమ్మ పిలిచింది. కామేశ్వరి వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఓలమ్మీ, నాకో మాట నిజం సెప్పు. ఇంత ముసుర్లో సుక్కెలా వొచ్చిందే? ఆడు సూసే సెప్తన్నాడా, నాకోసం సెప్తన్నాడా, ఆకలికి తట్టుకోలేక సెప్తన్నాడా?"

కామేశ్వరి వంటింటి వైపు చూసింది. గురునాథరావు తింటున్నవాడల్లా ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆగిపోయాడు.

"ఆకలికి తట్టుకోలేకే అత్తా," అంది.

ముసలమ్మ నిశ్చింతగా ఊపిరి వదిలి, దుప్పటి మెడదాకా లాక్కుంది.

"ఆకలికైతే పాపం నేదులే," అంది. "ఎల్లి ఆడికింకో బూరె ఎయ్యి."