బావ సైకిల్ ఎవరూ ఎక్కకండి

నిన్న పొద్దున్న ఆరున్నరకి బావ నంబర్ నుంచి ఫోన్.

ఎత్తితే బావ కాదు. ఎవరిదో గొంతు.

"రామతీర్థం రోడ్డులో సైకిలాయన పడిపోనాడండి. ఫోన్లో మీ నంబరే పైనున్నాది. మీరేటవుతారండి?"

బామ్మర్దినని చెప్పి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే అయిపోయింది.

సన్యాసిరావు బావ. మా రమణక్క మొగుడు. విజయనగరంలో సగం మందికి బస్సు కండక్టర్‌గా తెలుసు. మన సైకిల్ గ్రూపుకి లీడర్. ఆరడుగుల పైన మనిషి. బస్సు టాప్ తగలకుండా మెడ వంచి వంచి టిక్కెట్లు కొట్టేవాడు.

రైడ్ మొదలైతే "రైట్ రైట్!" ముందు గొయ్యి కనిపిస్తే "హోల్డాన్!" వెనక ఉన్న మేమంతా టక్కున బ్రేకులు.

ఓసారి నెల్లిమర్ల దగ్గర ఆ కేక విని పక్కన పోతున్న నిజం బస్సు ఆగిపోయింది. డ్రైవర్ తిట్లు. బావ మాత్రం సైకిల్ మీద నుంచే ప్యాసింజర్లకి, "సర్దుకోండి బాబూ, ఎనక కాళీ ఉన్నాది!"

రాస్తుంటే నవ్వొచ్చేసింది. ఛీ, ఈరోజు కూడా.

సరే. అసలు సంగతి ఇది.

నిన్నటి నుంచి అందరిదీ ఒకటే మాట. కుక్క అడ్డొచ్చిందట. సైకిల్‌కి గీత కూడా పడలేదట, సామి దయట. అందుకని ఆదివారం రామతీర్థానికి బావ పేరున రైడ్, ముందు బావ సైకిల్, తొక్కేది మన శ్రీను.

కుక్కని చూసినవాళ్ళు ఎవరూ లేరు. నేను అడిగాను.

శ్రీనూ, ఆ సైకిల్ ఎక్కకు.

ఎవరూ ఎక్కకండి.

దాన్ని కోసింది నేను.

మామూలు సైకిల్‌కి సీటు కింద రాడ్ విడిగా ఉంటుంది. బోల్టు వదులు చేసి పైకీ కిందకీ జరుపుకుంటాం. బావ వైజాగ్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ కార్బన్ సైకిల్‌కి అలా లేదు. ఫ్రేమ్ గొట్టమే సీటు దాకా ఉంటుంది. మొదటి ఓనర్ పొట్టి మనిషి, తన కాళ్ళకి సరిపడా కోయించేసుకున్నాడు. ఇంక పెరగదు.

"మోకాళ్ళు గెడ్డానికి తగల్తన్నాయిరా బామ్మర్దీ. ఆ గొట్టం కోసీసి మామూలు రాడ్ పెట్టీ. లేత్ షాపు ఉన్నాది కదా నీకు."

"బావా, ఇది ఇనుం కాదు. ఇనుం వంగుతాది, మనకి తెలుస్తాది. ఇది సెప్పి ఇరగదు."

"నువ్వు లారీ పార్టులే కోస్తావు, సైకిల్ గొట్టం ఏపాటిది!"

పొగిడేసరికి ఒప్పేసుకున్నాను.

ఓ ఆదివారం మధ్యాహ్నం పని పెట్టుకున్నాం. తడిగుడ్డ చుట్టి గొట్టం కోశాను. రాడ్ దూరడానికి లేత్ మీద అల్యూమినియం బుష్ తిప్పి, ఆ చిన్న గొట్టాన్ని లోపలికి దిగ్గొట్టాను. క్లిప్పు బిగిస్తే రాడ్‌ని పట్టాలి కాబట్టి గొట్టం వెనక నిలువుగా చీలిక పెట్టాను. ఆ చీలిక చివర ఒక చిన్న కన్నం వేయాలి. పగులు అక్కడి నుంచి కిందకి పాకకుండా. లేత్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతే.

నాలుగు దాటింది. నాలుగున్నరకి రాహుకాలం. అక్క పళ్ళెం పట్టుకుని షాపు ముందు నిలబడి ఉంది.

"ముందు పూజ కానియ్యిరా. కన్నం తరవాత ఏస్కో," అన్నాడు బావ.

తర్వాత వేద్దాంలే అనుకున్నాను.

అక్క పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. నిమ్మకాయ తొక్కించింది. ఎర్రదారం సరిగ్గా ఆ క్లిప్పు దగ్గర నుంచి కిందకి, నాలుగు వేళ్ళ వెడల్పున చుట్టేసింది. పూజ దారం విప్పకూడదు, దానంతటదే ఊడాలి. మా ఇళ్ళల్లో అంతే కదా.

ఆ కన్నం ఇంక వేయలేదు.

పది రోజుల క్రితం బావ వాయిస్ నోట్ పంపాడు. "ఒరే, ఇదేటో టిక్కుటిక్కుమంటాది, ఇనుకో." వెనకాల గాలి, చెయిన్ చప్పుడు, మధ్యలో టిక్. మళ్ళీ టిక్.

నేను థంబ్స్ అప్ పెట్టాను. సీటు బోల్టు అయ్యుంటాది, నూనె సుక్క ఎయ్యి బావా అని రాశాను.

నిన్నటి నుంచి దాన్ని ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు మా ఇంట్లో గడియారం దగ్గర కూడా కూర్చోలేకపోతున్నాను.

సైకిల్ ఎవరో ఆటోలో వేసి నా షాపుకే తెచ్చారు. ఈ ఉదయం ఆ దారం కోశాను.

నేను కన్నం వేయాల్సిన చోట మొదలై, పగులు నాలుగు వేళ్ళ పొడవు కిందకి దిగి ఉంది. పగుల్లో కుంకుమ. చెమటకి తడిసి, ఎండి, నల్లబడిపోయిన కుంకుమ. నిన్న పడిన పగులు కాదది. ఎన్నాళ్ళదో. నిన్న అది విచ్చుకుని సీటు రాడ్ పట్టు వదిలేసింది, బావ పడిపోయాడు. దాని మీదే కూర్చుని రోజూ "రైట్ రైట్" అన్నాడు.

ఈ పోస్ట్ పెట్టే ముందు అక్క దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుణ్ణు.

అక్క ఒక్కటే అడిగింది.

"నాను దారం మరీ గట్టిగా కట్టీసినానేటిరా?"

లేదక్కా. నీ దారమే ఇన్నాళ్ళూ దాన్ని పట్టి ఉంచింది. తప్పు నాది. ఒక్క కన్నం.

కళ్ళు తుడుచుకుని, "రాసీ. శ్రీనుకి సిన్న పిల్లలున్నారు," అంది.

అందుకే రాస్తున్నాను. సాయంత్రం ఆ ఫ్రేమ్‌ని నా చేత్తోనే ముక్కలు చేస్తాను. ఆదివారం రైడ్‌కి రండి, ఎవరి సైకిల్ మీద వాళ్ళు. చప్పుడు వచ్చే సైకిల్ ఏదైనా ఉంటే ముందు నా దగ్గరికి తెండి. ఏ దారం ఉన్నా విప్పి చూస్తాను.

బావా, నువ్వా చప్పుడు పంపిన రోజు నేను హోల్డాన్ అనాలి. బొటనవేలు చూపించాను.

నిమ్మళంగా వెళ్ళు బావా. నువ్వు పోయే దారిలో ఒక్క గొయ్యి కూడా ఉండకూడదు.