రెండు వేల అడుగుల బేరం

చిన్న విమానం నడిపే లైసెన్సుకు ఏమేం కావాలో ఫ్లయింగ్ క్లబ్బు గుమాస్తా చదువుతుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. పదో తరగతి పాసవ్వాలి, డాక్టరు సర్టిఫికెట్ తేవాలి, వాతావరణం మీదా దారి కనుక్కోవడం మీదా పరీక్షలు రాయాలి, నలభై గంటలు ఎగరాలి.

"ముప్పై గంటలకు కాదా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. వరంగల్‌లో మా స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినదాన్ని. అడగకపోతే నాకు తిన్నది అరగదు.

నేను తేలిగ్గా తీసుకున్నది రేడియో. నేల మీంచి కంట్రోల్ టవర్ చెప్పిన అంకెను పైలట్ ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. అది రాకపోతే ఒంటరిగా ఎగరనివ్వరు. ఒంటరిగా ఎగరకపోతే లైసెన్సు రాదు. మా బాపు నాకు నేర్పిన మొదటి పాఠమేమో దానికి పూర్తిగా ఎదురు: "గిరాకి చెప్పిన ధర మన నోట్ల రావద్దు బిడ్డా. వచ్చిందంటే ఒప్పుకున్నట్టే."

ఒకరోజు గాల్లో ఉండగా టవర్ రెండు వేల అడుగుల ఎత్తులో ఉండమంది.

"రెండు వేల రెండు వందలు," అన్నాను ధీమాగా.

దిగాక శిక్షకుడు విమానం తలుపు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా, ఆ ఎత్తులో ఇంకొకరు వస్తుంటే? సోమవారం ఒక్క అంకె తప్పినా మిమ్మల్ని ఒంటరిగా పంపను."

ఇక ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. గిన్నెలు తుడుస్తూ అంకెలు, మెట్లెక్కుతూ అంకెలు. చివరికి బాపును టవర్‌గా కూర్చోబెట్టాను.

"రెండు వేల అడుగులు," అన్నాడు.

"రెండు వేల అడుగులు."

బాపు మొహం మాడిపోయింది. "గట్లెట్ల ఒప్పుకుంటవే? జర ఆగు, నేనే దిగుతున్న గద!"

"బాపూ, నువ్వు టవర్‌వి. దిగొద్దు."

"టవరైతేంది, మాట్లాడేది మనిషే గద."

శనివారం ధర్మసాగర్ నుంచి ఒకామె దుకాణానికి వచ్చి, నేను తొమ్మిది వందలు చెప్పిన బిందెను చంకన పెట్టి చూసుకుంది.

"అక్కా, ఏడొందలకియ్యరాదు?"

"ఏడు వందలు," అన్నాను, ఉన్నదున్నట్టు.

ఆమె ఉలిక్కిపడి, నేను మాట మార్చేలోగా డబ్బులు పెట్టి బిందెతో మెట్లు దిగిపోయింది. బాపు ఆ బిందె సందు మలుపు తిరిగేదాకా చూశాడు.

"సోమారం పో బిడ్డా. ఇగ నిన్ను ఎవ్వలాపుతరు?"

సోమవారం పక్కన కూర్చుని మూడు చుట్లు నా రేడియో మాటలు విన్నాక, విమానం నేల మీద ఆగగానే శిక్షకుడు బెల్టు విప్పుకుని దిగిపోయారు. పక్క సీటు ఖాళీ. రన్‌వే దగ్గరికి వెళ్లేసరికి టవర్ ఆగమంది.

"ఆగుతున్నాను," అన్నాను.

ఎంతసేపని అడగడానికి నోరు ఒకటే దురద. పెదవి పంటి కింద పెట్టుకుని కూర్చున్నాను.